మారుమనస్సు తరువాత: క్రైస్తవ జీవితములో ఎదుగుదలను గూర్చిన ఒక సమీక్ష

తెలుగు క్రైస్తవ సంఘములలో సాక్ష్యము చెప్పుటకు లేచి నిలిచిన విశ్వాసి, తాను ఏ సంవత్సరమున, ఏ ఊరి ఉజ్జీవ సభలో, ఎవరి ప్రసంగము విని మారుమనస్సు పొందినదియు మొదట చెప్పి, అంతకు పూర్వము తన జీవితము ఎంత భ్రష్టమై యుండెనో వివరించి, ఆ రాత్రి కన్నీటితో చేసిన ప్రార్థనతో తన కథను ముగించుట ఒక సంప్రదాయముగా స్థిరపడినది. విన్నవారు స్తోత్రము చెప్పుదురు, కూడిక సాగిపోవును. ఆ రాత్రికిని నేటికిని నడుమ గడచిన ఇరువది ముప్పది సంవత్సరములలో ఆయన కోపము ఏమైనదో, ఇంటిలో భార్యతోను బిడ్డలతోను మాటలాడు తీరు మారినదో లేదో, పొలములో పని చేసినవారికి సాయంకాలమునకే కూలి ముట్టుచున్నదో లేదో ఆ సాక్ష్యములో సాధారణముగా వినబడదు. చెప్పువారు దాచుచున్నారని నేననను, అడుగువారు లేరు.

క్రైస్తవ జీవితములో మార్పు ఒక క్షణమున కలుగునా, క్రమముగా కలుగునా, కలిగినదని ఎట్లు తెలియును అను ప్రశ్న మన సంఘములలో పుట్టినది కాదు. రెండువేల సంవత్సరములుగా అపొస్తలులు, ఎడారి మునులు, వేదాంత పండితులు, సన్న్యాసినులు, ఉజ్జీవ ప్రసంగీకులు, కడపట మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు సైతము దీనిని విచారించుచు వచ్చిరి. ఆ విచారణను మొదటినుండి ఒకమారు పరికించినచో, నాకు తోచినంతవరకు, తేదీ చెప్పగల అనుభవమునకు మనము నేడిచ్చు ప్రాధాన్యము ఆ మహాప్రవాహములో ఒక పాయకు మాత్రమే చెందినదనియు, ఆ పాయలో మిక్కిలి లోతునకు దిగినవారు కూడ తుదకు తోటి మనుష్యుని యెడల నడతనే గీటురాయిగా ఎంచుకొనిరనియు స్పష్టమగును.

క్షణికమైన మార్పునకు అందరును చూపు ఉదాహరణము పౌలు. దమస్కు మార్గములో వెలుగు చుట్టుముట్టుట, నేల కొరగుట, స్వరము వినుట అను వృత్తాంతమును అపొస్తలుల కార్యముల గ్రంథము 9, 22, 26 అధ్యాయములలో మూడుమార్లు చెప్పినది. అయితే గలతీయులకు వ్రాసిన లేఖలో తన కథను తానే చెప్పుకొనినపుడు పౌలు ఆ వెలుగును వర్ణింపలేదు. తాను అరేబియాకు పోవుటను, మూడు సంవత్సరములకు గాని యెరూషలేమునకు వెళ్ళకుండుటను, మరల పదునాలుగు సంవత్సరములకు అచ్చటికి పోవుటను మాత్రము పేర్కొనెను. హింసకుడు అపొస్తలుడుగా రూపొందుటకు ఒక మధ్యాహ్నము చాలలేదన్నమాట. ఫిలిప్పీయులకు లేఖ వ్రాయునాటికి ఆయన బంధకములలో ఉండెను. ఎన్నో సంఘములను స్థాపించి, ఎన్నో దెబ్బలు తిని, ఆ స్థితికి వచ్చిన పిమ్మట కూడ తాను సంపూర్ణసిద్ధి పొందితినని తలంపక, ఇంకను గురివైపునకు పరుగెత్తుచున్నాననియే చెప్పెను.

పేతురు కథ ఈ ప్రశ్నకు పౌలు కథకంటె ఎక్కువ వెలుగునిచ్చునని నా అభిప్రాయము. ఆయన మారుమనస్సునకు తేదీ నిర్ణయింపుమని ఎవరినైన అడిగినచో ఏ దినమును చెప్పుదురు? గలిలయ సముద్రతీరమున వలలు విడిచిన దినమా, ఫిలిప్పు కైసరయ ప్రాంతమున యేసును క్రీస్తని ఒప్పుకొనిన దినమా, కోడి కూసిన వేకువను వెలుపలికి పోయి సంతాపపడి యేడ్చిన దినమా, పెంతెకొస్తు దినమా, శతాధిపతియైన కొర్నేలీ గడప దాటి అన్యుని ఇంట అడుగుపెట్టిన దినమా? వీనిలో ప్రతి దినమునను ఏదో ఒక మెట్టు ఎక్కినాడు. ఇన్ని మెట్లు ఎక్కిన పిమ్మట కూడ, అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనము చేయుచున్నవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి పంక్తిని విడిచి వేరైపోయెను. అందరి యెదుట పౌలు ఆయనను ముఖాముఖిగా ఎదిరింపవలసి వచ్చెను. పంక్తిభోజనము దగ్గర బయటపడిన ఈ లోపమును మన దేశపు చదువరికి వ్యాఖ్యానించి చెప్పవలసిన పని లేదు. మార్కు సువార్త రచయిత ఈ క్రమవికాసమును చక్కగా గుర్తించెను గాబోలు, పేతురు ఒప్పుకోలునకు సరిగా ముందు ఒక విచిత్రమైన స్వస్థతను నిలిపెను. బేత్సయిదాలో ఒక గ్రుడ్డివానిని యేసు ముట్టగా అతనికి మొదట మనుష్యులు నడచు చెట్లవలె కనబడిరి. రెండవమారు చేతులుంచిన తరువాత గాని చూపు తేటపడలేదు. సువార్తలలో రెండుమార్లుగా జరిగిన స్వస్థత ఇదియొక్కటే.

అపొస్తలుల తరువాతి తరములవారు ఈ విషయమున మనకంటె ఎంతో జాగ్రత్త గలవారు. రోమా సంఘమునకు చెందిన హిప్పోలితు పేరిట నిలిచిన ‘అపొస్తలుల సంప్రదాయము’ అను గ్రంథము బాప్తిస్మము కోరువారికి మూడు సంవత్సరముల ఉపదేశకాలమును నియమించినది. శ్రద్ధ గలవానికి కాలము కంటె శీలమే ప్రధానమని ఒక మినహాయింపును కూడ ఇచ్చినది. వచ్చినవాని వృత్తి ఏదని మొదట విచారింతురు. విగ్రహములు చేయువాడైనను, వేశ్యాగృహము నడపువాడైనను, గోదాలో మనుష్యులను చంపు మల్లుడైనను ఆ పని మానిన గాని వానిని ఉపదేశమునకు చేర్చుకొనరు. ఉపదేశకాలము ముగిసి బాప్తిస్మమునకు ఎన్నుకొనునపుడు జరుగు పరీక్ష మరింత గమనింపదగినది. దర్శనములను గూర్చి గాని, హృదయములో కలిగిన వెచ్చదనమును గూర్చి గాని అప్పుడు ప్రశ్న లేదు. ఇతడు విధవరాండ్రను గౌరవించెనా, రోగులను దర్శించెనా, సత్క్రియలను నెరవేర్చెనా అని అడుగుదురు. దానికి జవాబు చెప్పవలసినది అతనిని తోడ్కొని వచ్చినవారు. తన మార్పునకు తానే సాక్షి కాక, పొరుగువారు సాక్షులగుట ఆ నియమములోని సారము. శిశుబాప్తిస్మము సర్వసామాన్యమైన తరువాత ఈ పద్ధతి క్షీణించి, శతాబ్దముల తరబడి మరుగున పడియుండి, రెండవ వాటికను మహాసభ తరువాత 1972లో రోమను కథోలిక సంఘమున పునరుద్ధరింపబడినది.

క్రీ.శ. 386లో మిలాను నగరమున ఒక తోటలో అగస్టీను పొందిన అనుభవము పాశ్చాత్య క్రైస్తవ సాహిత్యమున దమస్కు మార్గము తరువాత అంతటి ప్రసిద్ధి గాంచినది. మరుసటి సంవత్సరము ఈస్టరు పండుగనాడు ఆ నగరపు అధ్యక్షుడగు అంబ్రోసు చేతులమీదుగా బాప్తిస్మము పొంది, సుమారు పది సంవత్సరములు గడచిన తరువాత, హిప్పో నగరమున అధ్యక్షుడై, ఆయన తన ‘ఒప్పుకోలులు’ వ్రాసెను. ఎనిమిదవ భాగములోని తోట సంఘటనను మాత్రము చదివి గ్రంథము మూసివేయువారు పెక్కుమంది. పదవ భాగమును చదివినవారికి వేరొక అగస్టీను కనబడును. అందులో ఆయన పూర్వకాలపు పాపిని విడిచి, ఆనాటి అధ్యక్షుడగు తన్ను తానే పరీక్షించుకొనెను. ఆహారము మీది ఆశ, సంగీతము విన్నపుడు అర్థమును మరచి స్వరమునకు లొంగిపోవుట, జనుల పొగడ్తయందు ఇచ్ఛ, కలలలో మరల వచ్చు పాత దృశ్యములు, అన్నింటిని విప్పి చెప్పి, తన వ్యాధి ఇంకను పూర్తిగా కుదరలేదనెను. దేవుడు ఆజ్ఞాపించినదానిని దేవుడే అనుగ్రహింపవలెనను ఆ భాగములోని ప్రార్థన ఆ కాలపు బోధకుడగు పెలాగియసునకు ఆగ్రహము కలిగించినది. మనుష్యుడు తలచుకొనినచో ధర్మమార్గమున నడువగలడని ఆయన వాదము. 418లో కార్తేజి మహాసభ పెలాగియసు బోధను ఖండించినది. తీర్పు అగస్టీను పక్షమునకు వచ్చినను, బద్ధకస్తునికి కృప ఒక సాకు కారాదను పెలాగియసు ఆందోళన అసత్యమని నేను తలంపను. ఆ ఆందోళన తరువాతి ప్రతి యుగములోను మారువేషముతో తిరిగి వచ్చుచునే యున్నది.

ఐగుప్తు ఎడారులకు పోయిన మునులు తత్త్వవాదముకంటె చికిత్సయందు ఆసక్తి గలవారు. క్రీ.శ. 399లో గతించిన ఎవాగ్రియసు, మనస్సును వేధించు దుష్టసంకల్పములు ఎనిమిదని వర్గీకరించి, ఒక్కొక్కటి దినములో ఏ వేళ వచ్చును, ఏ వేషమున వచ్చును అని సూక్ష్మముగా వ్రాసెను. కాసియను అను ముని దానిని పడమటికి కొనిపోయెను. పిమ్మట గ్రెగొరీ మహాశయుడు దానిని సప్తపాపములుగా మార్చెను. ఈ మునుల దృష్టిలో మార్పు అనగా ఒక సంకల్పమును మరల మరల గుర్తించి మరల మరల త్రోసివేయుట. ఆరవ శతాబ్దపు బెనెడిక్టు తన నియమావళిలో వినయమునకు పండ్రెండు మెట్లు చెప్పెను. ఏడవ శతాబ్దమున సీనాయి మఠాధిపతియగు యోహాను ముప్పది మెట్ల నిచ్చెనను నిర్మించెను. వీరందరిలో నాకు అత్యంత ప్రియుడు నీసాకు చెందిన గ్రెగొరీ. మోషే జీవితమును గూర్చిన తన వ్యాఖ్యానమున ఆయన, దేవుడు అనంతుడు గనుక దేవునివైపు పోవు ఆత్మకు మజిలీలే గాని అంతము లేదనియు, ఎదుగుచుండుటయే మనుష్యునికి సాధ్యమగు పరిపూర్ణత యనియు ప్రతిపాదించెను. ఎక్కడనో ఒకచోట చేరి నిలిచిపోవుటయే పరిపూర్ణత యను గ్రీకు ఊహను ఆయన ఈ విధముగా తలక్రిందులు చేసెను.

స్పెయిను దేశపు తెరేసా 1577లో రచించిన ‘అంతఃపుర దుర్గము’ ఈ మెట్ల పరంపరకు శిఖరము. ఏడు నివాసములు గల కోటగా ఆత్మను భావించి, పారవశ్యములు, దర్శనములు మొదలగు అనుభవములను ఆమె ఎంత నిశితముగా వివరించెనో, అంత నిర్దాక్షిణ్యముగా వానిని శంకించెను. ఏడవ నివాసమునకు చేరినవారికి ఆమె విధించిన పని దైవానందములో మునిగియుండుట కాదు, క్రియలు చేయుట. తోటి సన్న్యాసినుల పట్ల ప్రేమ పెరుగనిచో ప్రార్థనలో కలిగిన మాధుర్యమును నమ్మవద్దని ఆమె హెచ్చరించెను. తాను స్వయముగా పారవశ్యములను ఎరిగిన స్త్రీ చెప్పిన మాట గనుక దీనికి విలువ హెచ్చు.

సంస్కరణ కాలపు వాదములను ఇచ్చట విస్తరింపను. 1517 నాటి లూథరు సిద్ధాంతములలో మొదటిదే విశ్వాసి జీవితమంతయు పశ్చాత్తాపమై యుండవలెనని చాటినది; విశ్వాసి ఏకకాలమున నీతిమంతుడును పాపియునై యుండునని ఆయన బోధ. కాల్విను దీనికి, ఈ నవీకరణము ఒక దినములోనో ఒక సంవత్సరములోనో ముగియక మరణపర్యంతము సాగునను వివరణ చేర్చెను. మన ప్రొటెస్టంటు సంఘములు వీరిద్దరిని మూలపురుషులుగా చెప్పుకొనును గాని, మన సాక్ష్యముల రూపము వీరి వద్దనుండి వచ్చినది కాదు.

అది జర్మనీ దేశపు భక్త్యుద్యమమునుండి వచ్చినది. 1675లో స్పేనరు వ్రాసిన చిన్న పుస్తకముతో ఆ ఉద్యమము వ్యాపించెను. 1687లో లూనెబుర్గు నగరమున ప్రసంగము సిద్ధపరచుకొనుచున్న ఫ్రాంకె అను యువకుడు, తనకే విశ్వాసము లేదని గ్రహించి, తీవ్రసంఘర్షణ పిమ్మట ఒకానొక రాత్రి నిశ్చయతను పొందెను. ఆయన అనుభవము క్రమముగా ఒక నమూనా అయినది. అటువంటి సంఘర్షణ, అటువంటి నిశ్చయత, దానికొక దినము ఇతరులకును ఉండవలెనను అపేక్ష బయలుదేరెను. ఆయన హాలె నగరమున అనాథ శరణాలయమును, పాఠశాలలను నెలకొల్పెను. ఆ హాలె సంస్థలనుండియే తరంగంబాడి మిషనునకు బోధకులు వచ్చిరి. వారిలో ఒకడైన బెంజమిను షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి, లూథరు లఘు ప్రశ్నోత్తరిని, మరికొన్ని బోధగ్రంథములను తెలుగు చేసి, 1746–47 సంవత్సరములలో హాలె నగరమున అచ్చు వేయించెను. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములలో ఇవి చేరును. ఆ విధముగా, తెలుగుదేశమున ప్రొటెస్టంటు సంఘములు నెలకొనుటకు ఎంతో ముందే, ఈ భక్త్యుద్యమపు గాలి మన భాషను తాకినది.

ఇంగ్లాండు దేశమున దీని ప్రభావము జాను వెస్లీ జీవితమున కనబడును. 1738 మే 24వ తేదీ సాయంకాలము లండను నగరములోని ఆల్డర్స్‌గేటు వీథి కూటమిలో, రోమీయులకు వ్రాసిన పత్రికకు లూథరు వ్రాసిన పీఠిక చదువగా విని ఆయన హృదయము వింతగా వెచ్చబడినట్లు చెప్పుకొనెను. మెథడిస్టులు నేటికిని ఆ దినమును స్మరింతురు. కాని అంతకు పూర్వము తాను క్రైస్తవుడనే కానని వ్రాసికొనిన తన దినచర్యను వృద్ధాప్యమున మరల అచ్చు వేయించునపుడు, ఆ మాట అంత నిశ్చయముగా చెప్పజాలనని ఆయన అధోజ్ఞాపికలు చేర్చెను. వెస్లీ మార్పును నమ్మిన దానికంటె ఎక్కువగా మార్పును నిలుపు ఏర్పాటును నమ్మెను. 1742లో బ్రిస్టలు నగరమున మందిరపు అప్పు తీర్చుటకై సభ్యులను పన్నిద్దరేసి చొప్పున గుంపులు చేసి, ఒక్కొక్క నాయకుడు వారమునకొక పెన్నీ వసూలు చేయవలెనని నియమించిరి. ఆ నాయకులు ఇండ్లకు పోయినపుడు తాగుబోతుతనము, జగడములు, అప్పుల మోసములు కంటబడెను. అప్పు తీర్చు ఏర్పాటు కాస్త ఆత్మలను పరామర్శించు ఏర్పాటుగా మారినది. వారమునకొకసారి కూడి, ఒకరి నడతను ఒకరు విచారించుకొను ఆ గుంపులే ఆ ఉద్యమమునకు ప్రాణమైనవి. ఇది తరువాత ఎన్నో పెద్ద సభలు సాధింపజాలని కార్యము.

అదే శతాబ్దమున జాను న్యూటను కథ నడచినది. ప్రపంచమంతట పాడుకొను కృపాగీతమును రచించిన ఈయన 1748లో అట్లాంటికు సముద్రమున తుపానులో చిక్కి దేవునికి మొరపెట్టుకొనెను. ఆ దినమును జీవితాంతము ఉపవాసప్రార్థనలతో ఆచరించెను. ఆ తుపాను తరువాతనే ఆయన బానిసల ఓడలకు నాయకుడయ్యెను. ఓడ అడుగున ఆఫ్రికా మనుష్యులు సంకెళ్ళలో నుండగా పైన తన గదిలో బైబిలు చదువుకొనెను, నావికులకు ఆరాధన జరిపించెను. 1754లో ఆ పని మానుటకు కారణము మనస్సాక్షి కాదు, అనారోగ్యము. బోధకుడైన చాల కాలమునకు, 1788లో, ఆ వ్యాపారమును ఖండించుచు, తన పాలును సిగ్గుతో ఒప్పుకొనుచు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. తుపానునకును ఆ పుస్తకమునకును మధ్య నలువది సంవత్సరములు. తుపాను దినపు ప్రార్థన కపటమైనదని ఎవరును చెప్పజాలరు. కాని ఆ ప్రార్థన ఓడ అడుగునకు దిగుటకు నలువది ఏండ్లు పట్టినది. మారుమనస్సును గూర్చి మాటలాడు ప్రతి బోధకుడును ఈ కథలోని మొదటి సగమును చెప్పి విడిచిపెట్టుట నన్ను బాధించుచుండును.

అమెరికాలో ఉజ్జీవములను కన్నులార చూచిన జోనాథను ఎడ్వర్డ్స్, అందులో నిజమేదో బూటకమేదో తెలిసికొనుటకు 1746లో ‘భక్తిభావములు’ అను విమర్శగ్రంథము వ్రాసెను. కన్నీళ్ళు, వణకుట, వాక్యములు మనస్సునకు తట్టుట మొదలగునవి నిజమైన మార్పునకు గురుతులు కావనియు, అబద్ధమునకును గురుతులు కావనియు నిరూపించి, నిజమైన గురుతులు పండ్రెండింటిని లెక్కించి, వానిలో కడపటిదియు ముఖ్యమైనదియు ఆచరణమేనని తీర్చెను. అంతటి సూక్ష్మబుద్ధి స్వయముగా బానిసలను కలిగియుండెను. ఆచరణమనగా ఎవరి యెడల ఆచరణము అను ప్రశ్న ఆయన గ్రంథమునకు అందలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున హొరేసు బుష్నెలు మరియొక సందేహమును లేవదీసెను. క్రైస్తవ కుటుంబమున పుట్టిన బిడ్డ మొదట పాపిగా పెరిగి, యౌవనమున ఉజ్జీవ సభలో మారవలెనా? తాను క్రైస్తవుడు కాని కాలమొకటి యుండెనని ఎరుగకుండ పెరుగరాదా? 1847లో ఆయన ఈ వాదమును ప్రకటింపగా పెద్ద కలకలము రేగెను. 1902లో విలియం జేమ్స్ ‘మతానుభవ వైవిధ్యములు’ అను గ్రంథమున ఒకమారు పుట్టినవారు, రెండుమారులు పుట్టినవారు అని రెండు స్వభావములు గలవని చెప్పి, అనుభవమును దాని మూలమునుబట్టి కాక ఫలమునుబట్టి తూచవలెనని నిర్ణయించెను. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు చెప్పిన ఈ కొలత, రెండువేల ఏండ్ల నాడే చెట్టును ఫలములవలన తెలిసికొనుమని వినినవారికి క్రొత్తది కాదు.

ఇప్పుడు మన దేశమునకు వచ్చెదము. పైన చెప్పిన విచారణ అంతయు ఒక్కొక్క వ్యక్తి అంతరంగము చుట్టు తిరిగినది. తెలుగు సంఘముల జననము ఆ చట్టములో ఇమడదు. మిషనరీయైన జాను క్లౌ దొర 1866లో ఒంగోలునకు వచ్చెను. ఆయన మిషను తొలి విశ్వాసులలో తాళ్ళకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. తోళ్ళ వ్యాపారము చేయు మాదిగ, గురువులనాశ్రయించి యోగసాధన నేర్చిన జిజ్ఞాసువు. ఆయన ఊరూర తిరిగి చెప్పగా విన్నవారు ఒక్కొక్కరుగా కాక బంధువులతో, పల్లెతో కలిసి ఆలోచించిరి. పల్లె పెద్దలు తీర్మానించినపుడు పల్లె యంతయు కదలెను. వారికి నియమములు మూడు: విగ్రహములకు మ్రొక్కరాదు, ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు. ఈ మూడును చూచుటకు స్వల్పములు. కాని చచ్చిన గొడ్డును మోసి దాని మాంసము తినుట, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టుట, ఏ దినము పిలిచిన ఆ దినము వెట్టికి పోవుట ఆ పల్లె ఊరికి లోబడియుండుటకు కట్టిన కట్లు. ఆ మూడు నియమములు వానినే తెంచినవి. అందుకే ఊరిపెద్దలు పల్లెవారికి బావులు మూసిరి, పనులు మాన్పించిరి, కొట్టించిరి. ఐరోపా భక్తుని మార్పు ఆయన గదిలో మోకాళ్ళమీద జరిగినది; వీరి మార్పు ఊరి నడివీథిలో, అందరి కన్నుల యెదుట, దెబ్బల మధ్య జరిగినది.

1876–78 సంవత్సరముల మహాక్షామమున క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంత భాగము త్రవ్వించు గుత్త తీసికొని, వేలమందికి కూలి కల్పించెను. ఉపదేశులే మేస్త్రీలై, విశ్రాంతి వేళలలో సువార్త చెప్పిరి. బియ్యము కొరకు వచ్చిరను నింద కలుగునని తలంచి, ఆయన ఆ కాలమంతయు బాప్తిస్మములను నిలిపివేసెను. కరవుపని ముగిసి, పంచుటకు ఏమియు లేని నాడు గాని మరల ప్రారంభింపలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున నీళ్ళలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్క వేళ ఇద్దరిద్దరుగా. దొర ఒడ్డున ఉండెను. ఈ వార్త విని సంతోషించినవారెందరో, ఇంతమందికి ఒక్కనాడు మారుమనస్సు ఎట్లు కలుగునని శంకించినవారును అందరు కలరు. పాత భక్త్యుద్యమపు కొలబద్దతో చూచినచో శంక సహజమే.

ఆ శంకకు శాస్త్రీయమైన జవాబు వెదకినది పికెట్ అను మిషనరీ 1933లో వెలువరించిన గ్రంథము. తెలుగు ప్రాంతములతో సహా దేశమున పెక్కుచోట్ల తిరిగి, విశ్వాసులను మీరేల క్రైస్తవులైతిరని అడిగి, జవాబులను ఆత్మసంబంధమైనవి, లౌకికమైనవి, బంధువులతో కూడ వచ్చినవి, క్రైస్తవ గృహమున పుట్టినందున కలిగినవి అని నాలుగు తరగతులుగా విభజించిరి. లౌకికమైన కారణముతోనో, బంధువుల వెంటనో వచ్చినవారు కూడ మంచి ఉపదేశము, క్రమమైన ఆరాధన గల చోట్ల భక్తిలో స్థిరపడిరనియు, వచ్చిన కారణముకంటె వచ్చిన తరువాతి పెంపకమునకు బలమెక్కువ యనియు ఆ పరిశోధన సూచించినది. మూడవ శతాబ్దపు రోమా సంఘము బాప్తిస్మమునకు ముందు పెట్టిన కాలమును, తెలుగుదేశము బాప్తిస్మమునకు తరువాత పెట్టవలసి వచ్చెనన్నమాట.

ఆ పెంపకమును తన జీవితకార్యముగా చేసికొనినవారు దోర్నకల్ అధ్యక్షులు అజరయ్యగారు. తమిళదేశమున 1874లో జన్మించి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ అధ్యక్షులై, 1945 జనవరి 1న కీర్తిశేషులగువరకు తెలుగు పల్లెలకే అంకితమైరి. చదువు రాని విశ్వాసికి నోటిపాఠముగా వాక్యము, పల్లెలోనే కాపురముండు ఉపదేశి, ప్రతి సాయంకాలము గుడి గంట, ఇంటిలో వంటకు తీసిన బియ్యములోనుండి సంఘమునకై వేరుచేయు పిడికెడు బియ్యము, మద్యపానముతో యుద్ధము: ఇవి ఆయన సాధనములు. క్రొత్తగా బాప్తిస్మము పొందినవాడు మరునాటినుండియే సువార్తికుడు కావలెనని ఆయన పట్టుదల. దరిద్రుడు కూడ ఇచ్చువాడు కావలెనని బోధించుటలో ఆయన మనుష్యుని గౌరవమును నిలిపిరని నా దృఢవిశ్వాసము. తరతరములుగా చేయి చాచుటయే నేర్పబడిన వానికి ఇచ్చుట నేర్పుటకంటె గొప్ప మార్పు ఏది?

పురుషోత్తమ చౌదరి మొదలగువారి కీర్తనలు ఈ పెంపకములో చేసిన పని వేరే వ్యాసమునకు తగినది. అక్షరము రాని ముసలమ్మ వేదాంతమును రాగముతో నేర్చుకొనినది.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున తెలుగు సంఘములలో మరల వ్యక్తిగత అనుభవమునకు ప్రాధాన్యము హెచ్చినది. పంజాబు సిక్కు కుటుంబమున పుట్టి, చదువునకై పోయిన కెనడాలో విశ్వాసియై, హైదరాబాదు హెబ్రోను కేంద్రముగా పని చేసి 2000లో గతించిన భక్తసింగుగారి బోధ, ఆ తరువాత విస్తరించిన పెంతెకొస్తు సంఘముల బోధ, నామకార్థ క్రైస్తవమునకు విసిగిన వేలమందికి క్రొత్త ఊపిరినిచ్చినది. తండ్రి క్రైస్తవుడు గనుక తానును క్రైస్తవుడనని నిద్రించువానిని లేపుటకు ఆ బోధ కావలసియుండెను. దినమును, గడియను చెప్పగల వారి సాక్ష్యమును తేలికగా త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. సారాకు బానిసయై ఆలుబిడ్డలను పస్తులుంచినవాడు ఒకానొక రాత్రి సీసాను పారవైచి మరల ముట్టకుండుట నేను ఎరుగుదును. వానికి ఆ రాత్రి పుట్టిన దినముకంటె గొప్పది. హెబ్రోనులోని ప్రేమవిందులలో ధనికుడు, కూలివాడు, పలు కులములవారు నేలమీద ఒకే పంక్తిని కూర్చుండి తినుట కూడ ఆ సాక్ష్యములో భాగమే, అంతియొకయలో తప్పిపోయిన పంక్తికి అది నిజమైన దిద్దుబాటు. నా అభ్యంతరమంతయు, ఆ రాత్రిని పొందని నెమ్మదస్తులను అనుమానించుటయందును, ఆ రాత్రిని పొందినవారిని ఇక విచారింపకుండుటయందును ఉన్నది.

నడతను గీటురాయి చేసినచో కృపను మరచి ధర్మశాస్త్రమునకు మరలినట్లు కాదా అని కొందరందురు. 1937లో దీత్రిచ్ బాన్‌హోఫరు, హిట్లరు ప్రభుత్వము తన వేదాంత పాఠశాలను మూయించిన సంవత్సరముననే, వెల లేకుండ పంచబడు కృప సంఘమునకు శత్రువని వ్రాసెను. ఆయన లూథరు సంఘమున పుట్టి పెరిగినవాడు, కృపచేతనే రక్షణ యని నమ్మినవాడు. ఆరాధనలలో పాపక్షమాపణ ప్రకటించుకొనుచు నెమ్మదిగా నుండిన క్రైస్తవులను గూర్చి ఆ మాట చెప్పెను. 1945 ఏప్రిలు 9న ఉరికంబమెక్కెను. కృప మనుష్యుని మార్చును గనుకనే, మారినదా అని అడుగుట కృపను గౌరవించుటయగును.

ఈ అడుగుట తెలుగు సంఘములలో ఒక విషయము దగ్గరకు వచ్చి ఆగిపోవుచున్నది. మాల పల్లె ఒక మిషనుకు, మాదిగ పల్లె మరియొక మిషనుకు చేరుట తొలినాళ్ళలో చాల తావుల జరిగినది. అగ్రకులములనుండి వచ్చినవారు వేరుగా కూర్చుండుటయు కలదు. ప్రభువు బల్ల యొద్ద ఒకే రొట్టెలో పాలుపుచ్చుకొనుటకు ఇప్పుడు ఎక్కువ చోట్ల అడ్డు లేదు. సంఘ ఎన్నికలలో, పదవుల పంపకములలో, ముఖ్యముగా పెండ్లి సంబంధములలో పాత గీతలు చెరగలేదు. అబద్ధమాడుట, త్రాగుట, సినిమా చూచుట పాపములని గట్టిగా చెప్పు వేదికలమీద ఈ పాపమును పేరుపెట్టి చెప్పు ప్రసంగము అరుదు. పెండ్లి ప్రకటనలలో క్రైస్తవులమని వ్రాసికొని, ఆ మాట ప్రక్కనే కులము పేరు చేర్చి, అదే కులమువారు కావలెనని అచ్చు వేయించుట నేటికిని సాగుచున్నది. ఆ ప్రకటనలు ఇచ్చు కుటుంబములలో నాలుగైదు తరములుగా బాప్తిస్మము పొందుచున్నవియు గలవు.